వేపని మళ్లీ బోడి చేయించకండి: ఇంటి చెట్ల కొమ్మలు ఎక్కడ కొయ్యాలి, ఎప్పుడు కొయ్యాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇల్లు, గేటు పక్కన పదిహేనేళ్ల వేప, పెరట్లో మామిడి. నాలుగేళ్ల కిందట వేపని సగానికి కొట్టించారు. ఇప్పుడది అంతకన్నా గుబురుగా లేచి రెండో అంతస్తు దాటింది. తుఫాన్లు వచ్చే అక్టోబరు దగ్గరపడుతోందంటే టెన్షన్ అంటున్నారు. వీధిలోకి వచ్చిన చెట్లు కొట్టే మనిషి "మళ్లీ బోడి చేసేస్తాను, కట్టెలు నాకు వదిలెయ్యండి, డబ్బులు వద్దు" అన్నాడు. చేయించమంటారా, కోసిన చోట పెయింట్ వెయ్యాలా అని అడిగారు.

చేయించకండి. పెయింట్ కూడా వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే రేపు ఇంకెవరైనా వచ్చి ఇదే మాట చెప్పినా మీరు ధైర్యంగా వద్దనగలరు. నేను ఈ ఊళ్లోనే ఒక పెద్ద క్వార్టర్ల ప్రాంగణంలో 28 ఏళ్లు చెట్ల పని చూశాను. హుద్‌హుద్ తుఫాను తర్వాత నెలల తరబడి పడిన చెట్లని తొలగించాం, నిలబడినవాటిని బాగుచేశాం. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు మీ వేప సంగతి. పెద్ద కొమ్మని మధ్యలో అడ్డంగా నరికితే చెట్టు ఒక్కసారిగా ఆకు పోగొట్టుకుంటుంది. ఆకే దానికి తిండి తయారు చేస్తుంది. ఆ లోటు తీర్చుకోవడానికి నరికిన మొండి చుట్టూ బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నీ ఒకేసారి లేస్తాయి. అవే నిలువుగా, చీపురుకట్టలా వచ్చే నీటి కొమ్మలు. మామూలుగా చిన్నప్పటి నుంచి పెరిగిన కొమ్మ మొదలు కాండం లోపలి కలపతో ఏటా ఒక్కో పొరగా అల్లుకుని ఉంటుంది. ఈ నీటి కొమ్మలకి ఆ అల్లిక లేదు. పైపొరకి మాత్రమే అంటుకుని ఉంటాయి. అవి బొటనవేలంత ఉన్నప్పుడు ఫరవాలేదు. నాలుగేళ్లకి ముంజేయంత లావై, పది పన్నెండు అడుగులు సాగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఇంకోవైపు వాటి కింద ఉన్న మొండి, మూత పడని గాయం కాబట్టి, లోపల్నుంచి పుచ్చిపోతూ ఉంటుంది. పైన బరువు పెరుగుతోంది, కింద పట్టు తగ్గుతోంది. తుఫానుకి భయపడి చేయించిన పని తుఫానులో విరిగే కొమ్మల్నే తయారు చేసింది. మళ్లీ అదే చోట కొట్టిస్తే మరో నాలుగేళ్లకి ఇంతకన్నా బలహీనమైన గుబురు వస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి దగ్గరే తీరం దాటింది. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. ఆ గాలికి మంచి చెట్టూ పడుతుంది, ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ పడినవాటిని ఒక్కొక్కటిగా కోస్తున్నప్పుడు మాకు కొన్ని సంగతులు మళ్లీ మళ్లీ కనిపించాయి. పాత మొండి దగ్గర చీలిపోయినవి ఒక రకం. రెండు సమానమైన మానులు ఇరుకైన పంగగా పెరిగి, మధ్యలో బెరడు ఇరుక్కుపోయి, అక్కడ నిలువునా చీలినవి ఇంకో రకం. మూడోది, చాలామందికి తట్టనిది: వేర్లతో సహా ఒరిగినవాటిలో ఎన్నింటికో ఒక పక్క వేర్లే లేవు. కాలువ కోసమో, రోడ్డు కోసమో, ప్రహరీ పునాది కోసమో ఆ పక్క వేర్లు ఎప్పుడో నరికేశారు. అలాంటి చెట్టుకి పైన ఎంత కత్తిరించినా లాభం తక్కువ. కాబట్టి మీ వేప మొదట్లో గేటు వైపు, రోడ్డు వైపు ఎప్పుడైనా తవ్వారా అన్నది ముందు గుర్తు తెచ్చుకోండి. మొదలు చుట్టూ సిమెంటు చేసి ఉంటే, కనీసం మూడు నాలుగు అడుగుల మేర పగలగొట్టి మట్టి కనిపించేలా చెయ్యండి. వానలు పడ్డాక మాను మొదట్లో నేల ఒకవైపు ఉబ్బినట్టు గానీ, పగులు తీసినట్టు గానీ ఉంటే ఆలస్యం చెయ్యకుండా తెలిసినవాళ్లకి చూపించండి.

ఇప్పుడు కోత ఎక్కడ పెట్టాలన్నది. ఈ పనిలో నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఇదే.

కొమ్మ కాండాన్ని కలిసే చోట చూడండి. కింది వైపు, పక్కల కొంచెం ఉబ్బెత్తుగా, చొక్కా కాలర్ లాగా ఒక వలయం ఉంటుంది. పైన పంగలో బెరడు ముడతపడి నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ వలయం కొమ్మది కాదు, కాండానిది. కొమ్మ చచ్చిపోతే కుళ్లు లోపలికి పాకకుండా అడ్డుగోడ కట్టే ఏర్పాటు అక్కడే ఉంది. రంపం ఆ వలయానికి సరిగ్గా బయట పడాలి. వలయాన్ని కోసేస్తూ కాండానికి నున్నగా చదును చేస్తే అడ్డుగోడ మీరే తీసేసినట్టు. అలాగని జానెడు మొండి వదిలేస్తే గాయం మూసే కొత్త కలప దాన్ని దాటి రాలేదు, మొండి ఎండి పుచ్చు లోపలికి దారి తీస్తుంది.

నేను పనిలో చేరిన కొత్తలో నాకు నేర్పింది మాత్రం చదునుగా కొయ్యమనే. నున్నగా కోసి, పైన నల్లటి తారు పెయింట్ పూసి, పని నీటుగా ఉందని మురిసిపోయేవాళ్లం. అలా కోసిన ఒక వరస తురాయి చెట్లకి ఏడెనిమిదేళ్లలో కోతల దగ్గరే తొర్రలు పడ్డాయి. వాటిలో రెండింటిని నా చేతులతోనే తీసెయ్యాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత తెలిసింది, అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త చైన్‌సాతో వేల చెట్లని నిలువునా చీల్చి, గాయం తర్వాత లోపల ఏం జరుగుతుందో చూశాడని. ఆయన 1970లలో తేల్చి చెప్పింది ఇది: మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదు. పుచ్చిన కణజాలాన్ని చెట్టు మళ్లీ బాగుచేసుకోలేదు, చుట్టూ గోడ కట్టి దాన్ని అక్కడే బంధిస్తుంది, పైన కొత్త కలపతో కప్పేస్తుంది. మనం కోసిన ప్రతి కోతా ఆ చెట్టులో బతికినంతకాలం ఉండిపోతుంది. అందుకే చిన్న కోత మంచిది, సరైన చోట కోత మంచిది.

పెయింట్ వద్దన్నది కూడా ఇందుకే. పైన పూసిన పొర లోపలి పుచ్చుని ఆపదు. తేమని పట్టి ఉంచి శిలీంధ్రానికి సాయపడే అవకాశమే ఎక్కువ. పేడ, మట్టి కూడా పూయకండి. ఒక్క మామిడికి మాత్రం, వానల్లో కొయ్యాల్సి వచ్చి కోత అరచేయంత ఉంటే, మన తోటల్లో రైతులు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాస్తారు, నేనూ రాస్తాను. మామిడి బెరడు గాయాల్లో కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది, తెగులు కూడా త్వరగా పడుతుంది. అది మందు కోసం, గాయం మూయడానికి కాదు.

మీరు నాలుగేళ్ల కిందటి కోతల్ని ఓసారి చూడండి. సరైన చోట కోసి ఉంటే కొత్త కలప చుట్టూరా గుండ్రటి గాజులా లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. రెండు పక్కలే వచ్చి పైనా కిందా రాకపోతే వలయాన్ని కోసేశారని అర్థం. ఇక ఏమీ రాకుండా చివర నల్లగా మెత్తబడితే అది వదిలేసిన మొండి. ఎవరి పని ఎలా ఉందో చెట్టే చూపిస్తుంది.

కోసే పద్ధతి. మణికట్టు కన్నా లావున్న ఏ కొమ్మనైనా ఒక్క కోతలో తియ్యకండి. సగం తెగగానే బరువుకి వంగి, బెరడుని కాండం మీదుగా కిందిదాకా చీల్చుకుంటూ పోతుంది. వేపలో, మునగలో ఇది క్షణంలో జరుగుతుంది. మొదట కాండానికి ఒక అడుగు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి మూడో వంతు లోతు కొయ్యండి. తర్వాత దానికి రెండు మూడు అంగుళాలు బయటగా పై నుంచి కోస్తే కొమ్మ చీలకుండా ఊడి పడుతుంది. ఇప్పుడు బరువు లేని మొండి మిగిలింది కదా, దాన్ని చేత్తో పట్టుకుని నింపాదిగా వలయానికి బయట కోసెయ్యండి. ఎండిపోయిన కొమ్మ అయితే ఒక తేడా ఉంది: బతికున్న కలప కొంతదూరం ఎండిన కొమ్మ మీదికి పాకి ఉంటుంది. ఆ బతికున్న భాగాన్ని గాయపరచకుండా దాని అంచు దగ్గరే కొయ్యాలి, అది కాండానికి నాలుగు అంగుళాల దూరంలో ఉన్నా సరే. కొమ్మ బతికుందో లేదో తెలియకపోతే గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా ఉంటే బతికున్నట్టే.

గొడ్డలి, కత్తి ఇంటి చెట్ల దగ్గరికి రానివ్వకండి. కత్తి దెబ్బకి కలప నలిగి చీలుతుంది, వలయం ఎక్కడుందో చూసి ఆగడం కుదరదు. వేలంత కొమ్మలకి కత్తెర, అంతకన్నా లావుకి వంకీ ఉన్న చేతి రంపం చాలు. తెగులున్న చెట్టు కోసిన రంపాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిచి వేరే చెట్టుకి వాడండి. 2021లో మన రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ వేపలు కొసల నుంచి ఎండిపోయి జనాన్ని ఎంత భయపెట్టాయో గుర్తుందా? చాలామంది చచ్చిపోయాయనుకుని కొట్టించేశారు. ఓపిక పట్టినవాళ్ల చెట్లు ఎన్నో మళ్లీ చిగిర్చాయి. మీ వేపకి కొసలు ఎండితే ఎండినంత మేరే తియ్యండి.

ఇక మీ వేపకి ప్రత్యేకంగా ఏం చెయ్యాలి? బోడి చేసిన చెట్టుని మళ్లీ దారికి తేవచ్చు, కానీ ఒక్క ఏడాదిలో కాదు. మూడేళ్ల పని అనుకోండి. ఒక్కో మొండి మీద ఆరో ఎనిమిదో నీటి కొమ్మలు ఉంటాయి. వాటిలో బయటి వైపు తిరిగి, కాస్త పక్కకి వాలి, మొదలు దగ్గర గట్టిగా ఉన్నవి రెండు మూడు ఎంచుకోండి. మిగతావాటిలో సగం ఈసారి, సగం వచ్చేసారి మొదలంటా తియ్యండి. మూడో ఏడు, ఎంచుకున్నవాటిలో ఒకటి బాగా ముందుకి వస్తే అదే ఆ చోట కొమ్మ అవుతుంది. అది మరీ పొడుగ్గా సాగితే కొస గిల్లినట్టు మధ్యలో నరకకుండా, దానికి పక్కగా వచ్చిన కొమ్మ దాకా వెనక్కి కొయ్యండి. ఆ పక్క కొమ్మ లావు, కోసేదాని లావులో మూడో వంతైనా ఉండాలి. మూడు అంగుళాల కొమ్మని తీస్తే కనీసం అంగుళం లావున్నది మిగలాలి. అంతకన్నా సన్నదైతే మళ్లీ నీటి కొమ్మలే వస్తాయి. మొత్తం మీద ఒక ఏడాదిలో పచ్చి ఆకులో నాలుగో వంతుకి మించి తియ్యకూడదు. ముసలి చెట్టుకి అంతకూడా వద్దు.

లోపలి చిన్న రెమ్మలన్నీ గీకేసి కొసన మాత్రం కుచ్చు మిగిల్చే పద్ధతి కూడా మన ఊళ్లో ఎక్కువైంది. "గాలి ఆడుతుందండీ" అని చెబుతారు. దానివల్ల బరువంతా కొసకి చేరి కొమ్మ గడ కర్రలా ఊగుతుంది. అది కూడా వద్దనండి.

మొండి దగ్గర పుచ్చు ఎంత లోతుందో చూడటం తప్పనిసరి. రబ్బరు సుత్తితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే, పుట్టగొడుగులు కనిపిస్తే, ఆ మొండి మీద ఉన్న కొమ్మల్ని పెంచుకోవడంలో అర్థం లేదు. ఆ మొండినే కింద బలమైన పంగ దాకా తీసెయ్యాలి.

ఎప్పుడు చెయ్యాలి? వేపకి సంక్రాంతి వెళ్లాక, ఆకు రాలుతున్నప్పుడు, ఉగాది చిగురు రాకముందు. అప్పుడు కొమ్మల ఆకారం కూడా బాగా కనిపిస్తుంది, చిగురుతో పాటే గాయం మూయడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీడ తీసేస్తే అప్పటిదాకా ఎండ తగలని బెరడు మాడి పగులుతుంది. సముద్రం వైపు ఉన్న లాసన్స్ బే, ఎంవీపీ లాంటి చోట్ల ఉప్పు గాలి కూడా తోడవుతుంది. మామిడికి కాయ కోసిన వెంటనే, జూన్ చివర నుంచి జూలై లోపు. ఆలస్యం చేస్తే వచ్చే కొత్త కొమ్మ ముదరదు, ఆ ఏడు పూత పోతుంది. మామిడిలో మీకు కావలసింది మధ్యలో ఎండ పడటం. నడిమధ్య నిలువుగా పోయే కొమ్మ ఒకటి రెండు, ఒకదానిమీదొకటి రాసుకునేవి, నేలకి వేలాడేవి తీస్తే సరిపోతుంది. సొన చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఎర్ర చీమల గూళ్లు, పిట్ట గూళ్లు ముందే చూసుకోండి. గుడ్లున్న గూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కొమ్మని ఆపండి.

ఇప్పుడు తుఫాను ముందు చేయగలిగింది మాత్రం ఇది: ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎండినవి, పగులు తీసినవి, ఇంటి కప్పుకి రాసుకుంటున్నవి మాత్రం తీయించండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కొమ్మలకి వానల్లో పచ్చి గాయాలు చెయ్యకండి. అసలు పని జనవరి చివర మొదలుపెట్టండి.

ఆ మనిషి బేరం గురించి ఒక మాట. అతన్ని తప్పుపట్టడం లేదు, అతని బతుకుతెరువు అది. కానీ కట్టెలే కూలి అయినప్పుడు అతనికి లావు కొమ్మ కావాలి, మీకు సన్న కొమ్మ పోవాలి. ఆ రెండూ ఎప్పటికీ కలవవు. అందుకే రోజు కూలి మాట్లాడండి, కట్టెలు మీవే అనండి, పని నచ్చాక ఇవ్వాలనిపిస్తే ఇచ్చేయండి. చెట్టు ఎక్కేముందే ఏ కొమ్మలు పోవాలో సుద్దతోనో రిబ్బనుతోనో గుర్తు పెట్టండి. కింద నిలబడి మీరే చూడండి. "తల తియ్యొద్దు, మొండి వదలొద్దు, కాండానికి చదును చెయ్యొద్దు" అని మూడు మాటలు చెప్పండి. నడుముకి మోకు కట్టుకోకుండా ఎక్కేవాణ్ని ఎక్కనివ్వకండి.

మీ చేతులతో చేసేది నేల మీద నిలబడి అందేంత వరకే. నిచ్చెన మీద నిలబడి రంపం వాడటం ప్రమాదం, కొమ్మ ఊడి నిచ్చెనకే తగులుతుంది. గేటు పక్క చెట్టన్నారు కాబట్టి కరెంటు తీగలు దగ్గర్లో ఉండే ఉంటాయి. తీగకి తగిలే, తగలబోయే కొమ్మని మీరు గానీ కూలి మనిషి గానీ ముట్టుకోవద్దు. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి చెప్పండి, లైను ఆపించి వాళ్ల మనుషులే తీయాలి. వాళ్లు తీగ దూరం చూసుకుని కొడతారు తప్ప చెట్టు ఆకారం చూడరు. అందుకని వాళ్లు వెళ్లాక మిగిలిన మొండిల్ని మీ మనిషితో వలయం దాకా సరిచేయించుకోండి.

ఎవరైనా "ఈ టెన్షన్ ఎందుకు, మొత్తం తీసేయండి" అంటే, చెట్టు నరకడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద ముందు అనుమతి కావాలని గుర్తుంచుకోండి, సొంత స్థలంలో ఉన్నా సరే. కొన్ని జాతులకి మినహాయింపులున్నాయి, మీ చెట్టు సంగతి అడిగి తెలుసుకున్నాకే ముందుకెళ్లండి.

ఇది చదివే కొత్తవాళ్లకి, ముఖ్యంగా మధురవాడ, పెందుర్తి వైపు కొత్త ఇళ్లు కట్టుకుని మొక్కలు పెడుతున్నవారికి ఒకటి చెప్పాలి. మొదటి ఐదేళ్లలో కత్తెరతో పది నిమిషాలు చేసే పని, పదిహేనేళ్లకి మోకులు కట్టి రెండు రోజులు చేసే పనిని తప్పిస్తుంది. నాటేటప్పుడు కవరు చింపి, చుట్టుకుపోయిన వేర్లని విప్పండి లేదా కోసెయ్యండి, లేకపోతే అవే పెద్దయ్యాక మానుకి ఉరి అవుతాయి. రెండో ఏడు నుంచి ఒకే మాను నిటారుగా పోయేలా చూడండి, పోటీకి వచ్చే రెండో దాన్ని పెన్సిలంత ఉన్నప్పుడే తీసెయ్యండి. ఇరుకైన పంగలు అప్పుడే పోవాలి. ముఖ్యమైన కొమ్మల మధ్య అడుగున్నర ఎడం ఉంచండి, ఒకే చోట నుంచి చక్రంలా రానివ్వకండి. కింది కొమ్మల్ని తొందరపడి గీకెయ్యొద్దు, వాటి ఆకే కింది మానుని లావు చేస్తుంది. గేటుకి అడ్డొస్తే రెండు మూడేళ్లలో ఒక్కొక్కటిగా తియ్యండి. బాదం చెట్టు అయితే తల అసలు ముట్టుకోకండి, అంతస్తులుగా పెరగడమే దాని అందం, బలం. కొబ్బరికి ఎండిన మట్టలు మాత్రమే. పచ్చి మట్టలు కొట్టి పైకి చీపురులా నిలబెడితే కాపు తగ్గుతుంది, మొవ్వుకి దెబ్బ తగిలితే చెట్టే పోతుంది. తురాయి, నిద్రగన్నేరు లాంటి పెళుసు కలప చెట్లు చిన్న స్థలాల్లో పెట్టకపోవడమే మంచిది. కానుగ, పొగడ, వేప మన గాలికి బాగా తట్టుకుంటాయి.

మీరు వీలైతే వేప మొండిల దగ్గర దగ్గరగా తీసిన ఫోటోలు, మొదలు చుట్టూ నేల కనిపించే ఫోటో ఒకటి పెట్టండి. ఏ కొమ్మలు ఈ జనవరిలో పోవాలో, ఏవి ఉండాలో గుర్తు పెట్టి పంపిస్తాను.